నాన్నకు మిగిలిన మాట

ఇంటి నుంచి,
జూలై 14, ఆదివారం మధ్యాహ్నం.

పూజ్యులైన కత్తెర బాబాయ్ గారికి,

కామా నమస్కరించి రాయునది. మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి. అందులో మొదటి సగం రాయడానికి చెయ్యి రావడం లేదు. రెండో సగమైనా నిజం కావాలని కోరుకుంటున్నాను.

నన్ను కామా అని పిలిచేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. మీరూ నాన్నా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పనిలో తలమునకలుగా ఉన్నప్పుడల్లా మధ్యలో వచ్చి అడ్డం పడతానని మీరు పెట్టిన పేరది. ఎంత ముచ్చటపడి రాసిన అర్థాన్నయినా నిర్దాక్షిణ్యంగా కోసి పారేస్తారని నాన్న మీకు కత్తెర అని పెట్టారు. మీరు అలిగి వెళ్లిపోయాక ఆ రెండు పేర్లూ మూలపడ్డాయి.

ఇక అసలు సంగతి. వేసవి మొదట్లో నాన్నకు పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. మాట పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలింది, గింజ. మంచినీళ్లకూ గింజే, పక్క మార్చమనడానికీ గింజే, అమ్మ ఎదురుగా వస్తే గింజే. జీవితమంతా మాటలకు అర్థాలు రాసిన మనిషికి చివరికి దక్కింది ఆ ఒక్కటే. నాకు మీ ఇద్దరి గొడవ గుర్తొచ్చింది.

ఇంగ్లీషు ‘కార్న్’ దగ్గర మీ బండి ఎన్నాళ్లు ఆగిపోయిందో మీరు మరిచిపోయి ఉండరు. దాని అసలు అర్థం గింజేననీ, ఎక్కడివాళ్లు ఏ గింజ తిని బతికితే దానికే ఆ పేరు పెట్టుకున్నారనీ నాన్న అనేవారు. ఒకచోట గోధుమలు, మరోచోట ఓట్స్, సముద్రం అవతల మొక్కజొన్న. మాంసం నిలవ ఉండటానికి పట్టించే ఉప్పు పలుకు కూడా గింజే. అంతవరకూ మీ ఇద్దరిదీ ఒకే మాట. కాలి ఆనెనూ ఇంగ్లీషులో కార్న్ అనే అంటారు కదా, అక్కడ తగువొచ్చింది. అది కొమ్ము అనే అర్థమున్న వేరే మాటలోంచి పుట్టింది, విడిగా చూపించాల్సిందేనని మీరన్నారు. చెప్పులో గింజ పడ్డట్టు గుచ్చుకుంటుంది కదా, జనం మనసులో రెండూ ఒకటేనని నాన్న పట్టుబట్టారు. మన ‘కాయ’ను లాక్కొచ్చారు. చెట్టుకు కాసేదీ కాయే, పని చేసి చేసి అరచేతిలో కాసేదీ కాయే, ఎవరైనా విడదీశారా అని. ‘కన్ను’నూ వదల్లేదు. మనిషి కన్ను, చెరుకు కన్ను, వల కన్ను అంటూ వేళ్లు మడిచారు. మీరు తొణకలేదు.

“అనిపించడం సాక్ష్యం కాదు, అన్నయ్యా” అని, సగం తాగిన టీ అక్కడే పెట్టి లేచిపోయారు.

పుస్తకం తెరిచి చూశారో లేదో తెలియదు. నాన్న చివరికి మీరన్నట్టే విడదీసి అచ్చు వేయించారు. మీకు చెప్పడానికి మాత్రం నామోషీ అడ్డొచ్చింది.

నేను కళ్లజోళ్ల షాపుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంటున్నాను. మీ దగ్గర పెరిగిన బుద్ధి ఎక్కడికి పోతుంది, గింజకు అర్థాలు పోగేయడం మొదలుపెట్టాను. సాగదీస్తే దాహం. తుంచినట్టు అంటే నొప్పి. కిటికీ వైపు చూస్తూ అంటే తెర తీయమని. అమ్మ నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఆమెకు ఏకంగా వాక్యాలే వినబడతాయి. తిన్నావా అని అడుగుతున్నారంటుంది. ఈ చీర నీకు నప్పిందంటున్నారంటుంది. కాపురమంతటిలో నాన్న అమ్మ చీర ఊసెత్తగా నేను విన్న పాపాన పోలేదు. పోనీ, ఇప్పటికైనా నోరు విప్పారని నవ్వుకున్నాను.

డాక్టరు మాత్రం అది దగ్గులా దానంతటదే వస్తుందనీ, వెనక ఏ అర్థమూ ఉండకపోవచ్చనీ తేల్చేశాడు. నాకు ఒళ్లు మండింది. మీ పాత పద్ధతే పెట్టి చూశాను. ఒకరు వాక్యం చదివి తమకు తోచిన అర్థం చీటీ మీద రాయాలి, రెండోవారు ఆ చీటీ చూడకుండా అర్థం చెప్పాలి, ఇద్దరిదీ కలిస్తేనే అచ్చుకు వెళ్లాలి. నాన్న నోరు తెరిచినప్పుడల్లా నాకు తోచింది చీటీ మీద రాసి బోర్లించి, ఆయన ఏమన్నారని అమ్మను అడిగాను.

ఒక అర్థం నిలబడింది, బాబాయ్. నాన్న తలుపు వైపు చూస్తూ గింజ అన్నారంటే మిమ్మల్ని అడుగుతున్నారన్నమాట. అమ్మ అదే చెప్పింది, నా చీటీలోనూ అదే ఉంది. పాత కోపాలు పక్కనపెట్టి ఒక్కసారి వచ్చి వెళ్లండి. ఈ వాక్యం కింద గీత గీయమని మీ వదిన నా పక్కనే కూర్చుని చెబుతోంది. గీశాను.

పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ
కామా

తా.క.: అమ్మ స్నానానికి వెళ్లింది. ఇప్పుడు నిజం రాస్తాను.

ఏ చీటీ కలవలేదు. నేను నీళ్లని రాస్తే అమ్మ దుప్పటి అంది. నేను నొప్పి అని రాస్తే అమ్మ పాట పెట్టమంటున్నారంది. తర్వాత చూసుకుంటే, నాకు దాహం వేసినప్పుడు ఆయన నీళ్లడిగారు, అమ్మకు చలేసినప్పుడు దుప్పటి అడిగారు. తలుపు వైపు చూసిన రోజు నాకేమీ తోచలేదు, చీటీ ఖాళీగా వదిలేశాను. అమ్మ మీ పేరు చెప్పింది. కలిసిందే అమ్మా, అని చీటీ నలిపేశాను.

కొన్నాళ్లుగా నాన్న ఆ ఒక్క మాట కూడా అనడం లేదు. పెదవులు కదులుతాయి, అంతే. అమ్మకు కాస్త చెముడు కాబట్టి నేనే విని చెబుతున్నట్టు నటిస్తున్నాను. నాలుగు రోజుల కిందట ఆమె నా చెయ్యి పట్టుకుని, “నువ్వు నాకోసం కల్పిస్తున్నావు కదే” అంది. అప్పటి నుంచి ఆయన మంచం దగ్గరికి వెళ్లడం లేదు, తల దువ్వుకోవడం లేదు. మిమ్మల్ని పిలుద్దామంటేనే లేచి నా పక్కన వచ్చి కూర్చుంది. లోకంలో ఎవరు అబద్ధమాడినా కత్తెర ఆడడని ఆమె నమ్మకం.

అందుకని రండి, బాబాయ్. నాన్న పక్కన కూర్చోండి. ఆయన పెదవులు కదిలినప్పుడు అమ్మకు వినబడేలా ఏదో ఒక అర్థం చెప్పండి. ఈ ఒక్కసారికి సాక్ష్యం అడక్కండి.