ఎవరూ లేరా అంటే యస్

చెల్లికి, మేమంతా క్షేమం. అమ్మాయి దగ్గర శాశ్వతంగా ఉండనివ్వడానికి ఈ దేశంవాళ్లు పెట్టే ఇంగ్లీషు పరీక్ష రెండోసారికి గట్టెక్కాను. మొదటిసారి తప్పానని వీధంతా చాటిన మీ ఆయనకు ఈ సంగతి గట్టిగా చదివి వినిపించు.

అప్పుడు నన్ను ముంచింది ఒక్క మాట. "మీకిక్కడ స్నేహితులెవరూ లేరా?" అని పరీక్ష పెట్టే ఆవిడ ఇంగ్లీషులో అడిగితే, అవును, లేరు అనే అర్థంలో "యస్" అన్నాను. "అయితే వాళ్ల గురించి చెప్పండి" అంది. లేనివాళ్ల గురించి ఏం చెప్పను? వ్యాకరణం మీద వాదానికి దిగి మార్కులు పోగొట్టుకున్నాను.

తర్వాత అల్లుడే నేర్పాడు. పైపులు బిగించేవాడికి ఇంగ్లీషేమిటని పెళ్లిచూపుల్లో నేను వెక్కిరించినవాడే.

"అడిగిన తీరు వదిలెయ్యండి మావయ్యా. ఉంటే యస్, లేకపోతే నో."

"లైబ్రరీలు నమిలినవాణ్ణి, నాకా చెప్తున్నావు?"

"నమిలింది చాలు, ఇక మింగండి."

ఈసారి ఆవిడ, "మీకు ఇంట్లో ఎవరూ నేర్పలేదా?" అంది. "యస్, మా అల్లుడు నేర్పాడు" అన్నాను. వ్యాకరణమూ కుదిరింది, నిజమూ కుదిరింది.

ఈ సంబంధం తెచ్చావని నీతో రెండేళ్లు మాట్లాడలేదు. తప్పు నాదే.

నీ కంటి ఆపరేషన్ అయిందా? నా నిఘంటువుకు చెదలు పట్టకుండా ఓసారి ఎండ చూపించు. పిల్లలకు దీవెనలు.

అల్లుడికి ఎదురుగా కృతజ్ఞత చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. ఈ కార్డు పోస్టు చేసేది అతనే. కవరు లేదు కాబట్టి చదువుతాడు.