తడిక వెనక సైకిలు

తమ్ముడు రవిబాబుకు,

ఇక్కడ అందరం బాగున్నాం. నీ సైకిలు టూరు వాళ్లను ఆదివారం మళ్లీ మా ఊరికి తెస్తున్నావని తెలిసింది. నువ్వు చెప్పినట్టే గ్యాసు పొయ్యి మంచం కిందకి తోసేశాను, టీవీ మీద దుప్పటి కప్పాను. పాతకాలం ఊరు చూడాలని పాపం కొండలెక్కి వస్తున్నారు కదా, వాళ్లు వెళ్లేదాకా తిరగలి ముందే కూర్చుంటాను. వానకి కారుతున్నా ఇంటికప్పు మార్చనిది కూడా నీ మాట మీదే.

నా కూతురి చేత మాత్రం ఇక ఈ నాటకం ఆడించలేను. పోయినసారి వాళ్లలో ఒకావిడ బేబిని ఫొటో తీసి, "సైకిల్ తొక్కడం నేర్పించనా?" అని అడిగింది. నువ్వు కళ్లెర్రజేస్తే గుంట తల వంచుకుంది. బడిలో ఇచ్చిన దాని సైకిలు అప్పుడు తడిక వెనకే ఉంది. వాళ్లు వెళ్లాక "అమ్మా, నానేటి, బొమ్మనా?" అని ఒకటే ఏడుపు.

ఆదివారం దానికి చింతపల్లిలో నర్సింగు పరీక్ష. జీపులన్నీ నీ టూరు సామాన్లకే మాట్లాడేసుకున్నావు. అందుకని సైకిలు మీదే ఘాట్ దిగుతుంది. ఎదురొచ్చే నీవాళ్లను మలుపుల్లో పక్కకు తప్పుకోమను. బేబి బెల్లు కొడుతుంది గానీ ఆగదు.

నీ అక్క