పక్క కుర్చీ చప్పుడు

శబ్దాలతో వైద్యం చేసే డాక్టరుగారికి,

షట్టరు తలకు తగిలినప్పటి నుంచి కుట్టుమిషన్ చప్పుడు భరించలేని దర్జీని నేను. "మీ మెదడులోని అలల్నే శబ్దాలుగా మార్చి మీకు వినిపిస్తాం, తలనొప్పి తగ్గుతుంది" అన్నారు. తగ్గింది. కానీ నాకో అనుమానం. పక్క కుర్చీలో బస్సు డ్రైవరు దగ్గినప్పుడల్లా నా చెవుల్లో గరగరమంటోంది. నేను దగ్గితే ఆయన ఉలిక్కిపడుతున్నాడు. మా ఇద్దరి వైర్లూ తారుమారు చేయలేదు కదా? పాపం, ఆయన నొప్పి అలాగే ఉందట. "చెప్పేయండి, ఉసురు తగులుతుంది" అని మా ఆవిడ ప్రాణం తీస్తుంటే రాస్తున్నాను. ఆయన మెదడు శబ్దం ఆయనకూ వినిపించండి, నేను కాదనను. కానీ నిన్న మిషన్ మీద రెండు చొక్కాలు కుట్టాను. నా చెవులకు పెట్టిన వైరు మాత్రం ముట్టుకోకండి.

ఇట్లు,
గోడ పక్క కుర్చీలో దర్జీ