ఐదేండ్ల జయరాముడికి మీసాలున్న సంగతి

తేది: 14-7-1986

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, కళ్యాణదుర్గం తాలూకా వేరుశనగ మిల్లు గుమాస్తా ముత్యాలప్ప రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా తమ్ముడు జయరాముడి ఓపీ చీటీలో వయసు దిద్ది, అతని రక్తమును బెంగళూరు పరీక్షకు పంపించుట గురించి.

1. మా తమ్ముడు పుట్టుకతోనే బుద్ధి ఎదగనివాడు. పొడుగు మొహం, పెద్ద చెవులు. గొర్రెలు మేపుటలో మాత్రం అతనికి సాటి లేరు. పోయిన నెల ఆరోగ్య శిబిరానికి వచ్చిన బెంగళూరు డాక్టరమ్మ గారు అతనిని చూసి, చనిపోయిన మా మేనమామకూ ఇవే చెవులని విని, ఇది వంశంలో వచ్చే జబ్బు కావచ్చునని, పేరు తేలవలెనంటే సూపరింటెండెంటు గారైన తమ సంతకంతో రక్తం పంపవలెనని చెప్పినారు. ఇన్నేండ్లూ మేము దిష్టి అనుకొని తాయెత్తులు కట్టించితిమి.

2. తమ ఆసుపత్రిలో చీటీ రాసే గుమాస్తా గారు వయసు అడుగగా, మా అమ్మ హనుమంతమ్మ "ఐదేండ్లప్పా" అన్నది. ఊరంతా అతనిది ఐదేండ్ల బుద్ధి అంటారు గనుక ఆమె ఎవరడిగినా అదే చెబుతుంది. గుమాస్తా గారు తల ఎత్తకుండా రాసుకొన్నారు. ఎత్తి ఉంటే మీసాలు కనబడేవి.

3. పిల్లల డాక్టరు గారు "ఈయప్ప నాకంటే పెద్దోడుండాడే, ఆడికి తీసుకపో" అని పెద్దల వార్డుకు పంపినారు. అక్కడి డాక్టరు గారు చీటీ చూసి, "ఐదేండ్లని రాసుండాది గదప్పా, పిల్లల డాక్టరే చూడల్ల" అని తిప్పి పంపినారు. ఇట్లు మూడు బుధవారములు జరిగినది. మూడోసారి నర్సమ్మ గారు చీటీ ప్రకారం పోలియో చుక్కలు వేసినారు. జయరాముడు ఇంకొక చుక్క అడిగినాడు.

4. ఇది నవ్వుకొని వదిలేసే సంగతి కాదయ్యా. మా చెల్లెలు మారెక్కకు ఇప్పుడు ఐదో నెల. జబ్బు పేరు తేలితేనే ఆమె బిడ్డకు వచ్చేదీ రానిదీ చెప్పగలమని డాక్టరమ్మ గారు అన్నారు. ఆ పిల్ల తిండి మాని అన్న చెవులనే చూస్తూ కూర్చుంటున్నది. నాకు భయంగా ఉన్నది.

కనుక వయసు ముప్పై నాలుగని దిద్దించి, ఆమె కాన్పుకు ముందే రక్తం పంపించే ఏర్పాటు చేయుటకు, మీసాలున్న ఈ పసివాని మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు, జయరాముడి అన్న
ముత్యాలప్ప

తా.క.: ఈ అర్జీ ఇంట్లో చదివి వినిపించగా మారెక్క ఏడ్చింది. జయరాముడు ఆమె పక్కన కూర్చొని, "నా మాదిరే పుడితే నాకియ్యి మే, గొర్రెల కాడికి నేను ఎత్తుకొని పోతా" అన్నాడు. ఆ పూట ఆమె అన్నం తిన్నది. అయినా రక్తం పంపించండయ్యా.