చొక్కా చేతికి సుద్దపొడి

ఏమండీ, చెల్లెలి దగ్గరికి వెళ్తున్నా, సాయంత్రానికి వచ్చేస్తా. ఫ్లాస్కులో వేడినీళ్ళున్నాయి, ఉప్పేసుకుని పుక్కిలించండి.

మీ చొక్కా ఉతకలేదు, కుర్చీ మీదే ఉంచా. మీరే చూసుకోండి. యూనివర్సిటీలో రిటైరైనవాళ్ళ క్లబ్బులో బొమ్మలేయడం నేర్చుకుంటున్నానన్నారు. నెలైంది, ఒక్క బొమ్మా ఇంటికి రాలేదు. చొక్కా చేతికి మాత్రం రోజూ సుద్దపొడి. నిన్న అందరూ కలిసి పార్కుకి షికారెళ్ళామన్నారు, మరి గొంతెందుకు బొంగురుపోయింది? ఆపరేషనయ్యాక ఆర్నెల్లు పాఠాలు చెప్పొద్దని గొంతు డాక్టరంటే బుద్ధిగా తలూపింది మీరేగా?

ఇంకోమాట. ముప్పై ఆరేళ్ళ కాపురంలో మీ పాఠం ఒక్కటీ వినలేదు నేను. రేపు మీతో వస్తా. ముందు బెంచీలోనే కూర్చుంటా, మెల్లగా చెప్పినా నాకు వినబడుతుంది.