ఆదివారం చూసిన ఇల్లు

ఏమండీ,

పాప పక్కింట్లో దేవమ్మగారి దగ్గర ఉంది, రాగానే తీసుకురండి. పప్పు వండేశాను. బియ్యం కడిగి కుక్కర్లో పోసి ఉంచాను, స్విచ్ నొక్కడం ఒక్కటే మీ పని.

బదిలీ మీద విజయనగరం నుంచి వచ్చి మూడు నెలలైంది. కార్ఖానా ఏరియాలోని ఈ అద్దింట్లో రెండే గదులు, గాలి రాదు, ఒప్పుకుంటాను. మీరు చూసొచ్చిన షామీర్‌పేట ఇంటికి మూడు గదులు, బాల్కనీ, దాన్నిండా గాలి. అదీ ఒప్పుకుంటాను. "ఇరవై అయిదు నిమిషాలల్ల ఆఫీస్‌ల ఉంటరు సార్, జెర సుత తక్లీఫ్ ఉండది" అన్నాడు బ్రోకరు తిరుమల్. మీరు అతని కారులోనే వెళ్లొచ్చి, అక్షరాలా ఇరవై అయిదే అన్నారు. వెళ్లింది ఆదివారం తెల్లారగట్లని మాత్రం చెప్పలేదు. మనకి కారు లేదనీ గుర్తు రాలేదు.

ఈరోజు సోమవారం. రేపు సంతకాలు కదా, అందుకని ఐదింటికి మీ ఆఫీసు ముందు బస్సెక్కి, ఆ ఇంటి గేటు ముట్టుకుని వెనక్కి వస్తాను. తిరుమల్ లెక్కకి నేనింకో అరగంట దానం చేసినా, ఆరున్నరకల్లా ఇంట్లో ఉండాలి. మీరొచ్చేది ఏడింటికి. నేను ముందొస్తే ఈ చీటీ చింపేసి, నోరు మూసుకుని సామాన్లు సర్దుతాను. మీరిది చదువుతున్నారంటే, నేనింకా బస్సులోనే నిలబడి ఉన్నాను.

లోవలక్ష్మి

ఫోన్ చేసి "ఎక్కడున్నావ్" అని అడక్కండి. ఆ మాట రోజూ నేను మిమ్మల్ని అడగాల్సి రాకూడదనే ఇదంతా.