ఎండ మాత్ర

గురువారం, రాత్రి

బ్రూస్‌పేట డాక్టరు మా ఆయన కొలెస్ట్రాల్ మాత్రకు తోడుగా ఈరోజు విటమిన్ డి కూడా రాశాడు. పొద్దంతా కళ్లంలో మిరపకాయలు ఆరబోసే మనిషికి ఎండ తక్కువైందంటే ఎట్లా నమ్మేది? కింద మందుల షాపు డాక్టరు తమ్ముడిదేనట. ఉండబట్టలేక ఎండ సంగతి డాక్టరునే అడిగేశాను.

“ఘాటుకు తలా మొగం కప్పుకుంటాడు కదమ్మా, ఇంగ ఎండ యాడ తగులుతాది? ఇది పాతదానికి తోడు, అంతే. కొవ్వు తగ్గిస్తాదని గట్టిగా చెప్పలేను. పాతది మాత్రం నిలపాకండి” అన్నాడు డాక్టరు.

ఈయన బస్సెక్కగానే తేల్చేశాడు. “ఎండ మాత్ర వచ్చినాక ఇంగ పాతది యాటికి? ఇదొకటి చాలు.”

నేను గట్టిగా కసిరాను. మా ఊరు తెక్కలకోటలో దిగేదాకా మళ్లీ ఆ మాటెత్తలేదు. అంత తొందరగా ఒప్పుకునే రకం కాదే అనుకున్నాను.

అన్నం తిన్నాక పాత మాత్ర చేతిలో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

“రేపు ఏం కూర చేయల్ల?” అన్నాను.

కూర మాటెత్తితే అరగంట వాదించే మనిషి, పెదవులు విప్పకుండా “ఊ” అని పెరట్లోకి పోయాడు.